నిద్రలో తాకితే

ప్రశ్నలమ్మ అసలు పేరు ఆ ఆసుపత్రిలో హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడదు. ఈ పేరు పెట్టింది గేటు దగ్గర వాచ్‌మన్. పిల్లల విభాగంలో మెట్ల పక్కనున్న చిన్న గదిలో కూర్చుని, వచ్చిన ప్రతి తల్లినీ తండ్రినీ యాభై నాలుగు ప్రశ్నలు అడగడం ఆవిడ ఉద్యోగం. "ఇన్ని ప్రశ్నలు మా ఆవిడ కూడా అడగదు మేడమ్, నేనెంత ఆలస్యంగా ఇంటికెళ్ళినా" అన్నాడతను ఒకసారి. పేరు అలా అంటుకుంది. ఆవిడా వదిలించుకోవాలని చూడలేదు.

మూడేళ్ళు నిండని పిల్లలకి ఏది గిట్టుతుందో ఏది గిట్టదో వాళ్ళనే అడిగి లాభం లేదు కదా. అందుకని సాకేవాళ్ళని అడుగుతారు. మిక్సీ తిరిగితే చెవులు మూసుకుంటాడా? తలమీద నీళ్ళు పోస్తే బిగుసుకుపోతుందా? గడ్డిమీద దింపితే కాళ్ళు పైకి లాక్కుంటాడా? ప్రతి ప్రశ్నకీ అయిదు జవాబులే. ఎప్పుడూ, తరచుగా, సగం సార్లు, అప్పుడప్పుడు, అసలు లేదు. అన్నీ కూడితే ఒక అంకె వస్తుంది. ఈ లోకం ఈ బిడ్డకి మరీ గట్టిగా తగులుతోందా, తగలాల్సినంత తగలడం లేదా అని ఆ అంకె చూసి డాక్టరుగారు తేలుస్తారు.

వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ కాకిపిల్ల కాకికి ముద్దు. యాభై నాలుగు ప్రశ్నలకీ "మా వాడికేమండీ, బంగారం" అని ఒకటే జవాబు చెప్పిన నానమ్మలున్నారు. "వాళ్ళమ్మనడగండి" అని యాభై నాలుగుసార్లు చెప్పిన నాన్నలున్నారు. వీళ్ళతో పేచీ లేదు. అసలు పేచీ ముఖం చూసి జవాబు మార్చేవాళ్ళతో. ప్రశ్నలమ్మ కనుబొమ్మ ఒక్క పిసరు లేస్తే చాలు, "ఎప్పుడూ" కాస్తా "అప్పుడప్పుడు" అయిపోయేది. అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రశ్న చదివేటప్పుడు గానీ, జవాబు వినేటప్పుడు గానీ, టిక్కు పెట్టేటప్పుడు గానీ తలెత్తదు. పన్నెండేళ్ళుగా ఎత్తలేదు. ఆ గదిలోకి వచ్చినవాళ్ళకి ఆవిడ ముఖం కంటే పాపిడే ఎక్కువ తెలుసు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి కూడా ఇదే నేర్పేది. "మనం తూకం రాళ్ళం. తూకం రాయి తలూపకూడదు" అనేది. ఆ మాట తనే కనిపెట్టింది. దాని గురించి కొంచెం గొప్ప కూడా ఉండేది ఆవిడకి.

సోమవారం పదకొండింటికి వచ్చినవాళ్ళు నలుగురు. ఏడాదిన్నర పిల్లాడు, ఇంట్లో బుడ్డోడు అంటారట. తండ్రి రైలింజను డ్రైవరు. రెండు రోజులు ఇంట్లో ఉంటే నాలుగు రోజులు పట్టాలమీద. తల్లి బట్టల ఫ్యాక్టరీలో తనిఖీ చేస్తుంది. కుట్టి పంపిన చొక్కాల కుట్లమీద రెండు వేళ్ళు పోనిచ్చి, ఎక్కడ కుట్టు తప్పిందో కంటికంటే ముందు వేళ్ళతో పట్టుకోవడం ఆమె పని. నాలుగో మనిషి ఆయమ్మ. యాభై దాటిన మనిషి, పొట్టి, చీరమీద చొక్కా, మోచేతి దాకా మడిచిన చొక్కా చేతులు, భుజంమీద నిద్రపోతున్న బుడ్డోడు. గదిలో కుర్చీలు రెండే ఉన్నాయి. ఆయమ్మ పిల్లాణ్ణి తల్లి ఒళ్ళోకి అందించి బయట బల్లమీద కూర్చుంది.

"బిడ్డని ఎక్కువగా చూసుకునేవాళ్ళు జవాబులు చెప్పాలి" అని ప్రశ్నలమ్మ కాగితంమీద మొదటి వాక్యం చదివింది.

"నేనే, తల్లిని" అంది ఆమె. తండ్రి తలూపాడట. ప్రశ్నలమ్మ చూడలేదు.

ప్రశ్నలు సాగాయి. చప్పుళ్ళ భాగంలో ఏ గొడవా లేదు. కుక్క మొరిగితే నవ్వుతాడు. మిక్సీ తిరిగితే డాన్సు చేస్తాడు. వెలుతురుకి బెదరడు, ఊయలకి బెదరడు. కాళ్ళకి మట్టి అంటుకుంటే ఇంకా కావాలంటాడు. ప్రశ్నలమ్మ కలం ఎడంవైపు గడి నుంచి కుడివైపు గడికి హాయిగా తిరుగుతోంది. ముప్పై ఒకటో ప్రశ్న దగ్గరకొచ్చింది.

"నిద్రలో తాకితే ఉలిక్కిపడి లేస్తాడా?"

ఆమె జవాబు చెప్పేలోపు పిల్లాడు కెవ్వుమన్నాడు. కుర్చీ కాలు నేలమీద గీరుకుంది. తండ్రి "అయ్యయ్యో" అన్నాడు. తల్లి గొంతు పెంచింది.

"చూశారా మేడమ్? ఇదిగో, ఇలాగే. ఏం లేకుండానే."

ప్రశ్నలమ్మ 'ఎప్పుడూ' గడిలో టిక్కు పెట్టింది. తలెత్తలేదు. తలెత్తకపోవడమే సరైన పని అనుకుంది. తలుపు దగ్గర చెప్పుల చప్పుడు, "ఇటివ్వండమ్మా" అన్న మాట, రెండు నిమిషాల్లో బయట వరండాలో ఏడుపు సద్దుమణగడం విని, ముప్పై రెండుకి వెళ్ళింది. ముఖం దగ్గరికి చెయ్యి వస్తే తల పక్కకి తిప్పేస్తాడా? ఎప్పుడూ. మూతి తుడవబోతే చెయ్యి తోసేస్తాడా? ఎప్పుడూ.

*

మంగళవారం డాక్టరుగారు కాగితాన్ని రెండుసార్లు తిరగేశారు. ప్రశ్నలమ్మ పక్కనే నిలబడింది. తండ్రి ఎదురుగా కూర్చున్నాడు. సాయంత్రం బండెక్కాలి, యూనిఫారంలోనే వచ్చాడు.

"విచిత్రంగా ఉంది. ఒంటిమీద ఇంకెక్కడ తాకినా గొడవ లేదు. ముఖం ఒక్కటే, అందులోనూ నిద్రలో. పుట్టుకతో ఉన్న బెదురు ఇలా ఒక్క చోటే ఉండదు" అన్నారు డాక్టరుగారు. తర్వాత కళ్ళజోడు తీసి, గొంతు తగ్గించి, "కీడెంచి మేలెంచమన్నారు, అందుకని అడుగుతున్నా. ఏమీ అనుకోకండి. పగలంతా పిల్లాడు ఎవరి దగ్గరుంటాడు?" అన్నారు.

అంతే ఆయన అన్నది. మిగతాదంతా తండ్రి తనే పూరించుకున్నాడు. ప్రశ్నలమ్మ ఈసారి అతని ముఖం చూసింది, ఎందుకంటే చేతిలో కాగితం లేదు. ఆ ముఖంలో ముందు భయం వచ్చింది, తర్వాత కోపం వచ్చింది, చివరికి ఒక రకమైన ఊరట లాంటిది కూడా వచ్చింది. కారణం తెలియని భయంతో ఏడాదిన్నర కాపురం చేసినవాడికి కారణం దొరికితే ఎవరికైనా ఊరటే.

"పొద్దస్తమానం దాని దగ్గరే ఉంటాడు సార్. ఏం చేస్తోందో ఎవరికి తెలుసు? శనివారంతో ఆఖరు" అన్నాడు.

"నేనలా అనలేదు. ఇంకా చూడాలి" అన్నారు డాక్టరుగారు.

"పిల్లాడు ఒక్కడే మిగిలాడు సార్ మాకు" అన్నాడతను లేస్తూ. ఆ మాట ప్రశ్నలమ్మ చెవిన పడింది. మరి అర్థమెందుకు కాలేదంటే, అది యాభై నాలుగింటిలో లేదు.

యాభై నాలుగు ప్రశ్నలు. పిల్లాడికి స్నానం చేయించేది, మూతి తుడిచేది, కాలికి మట్టి అంటితే కడిగేది ఎవరో ఆ మనిషిని అందులో ఒక్కటి కూడా అడగలేదు. అడగకుండానే ఆమెమీద తీర్పు వచ్చేసింది. ప్రశ్నలమ్మ మధ్యాహ్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది. నా పని అడగడం వరకే కదా అని రెండుసార్లు తనకి తనే చెప్పుకుంది. మూడోసారి చెప్పుకోబోతే సిగ్గేసింది.

*

బుధవారం పొద్దున్న ఆయమ్మ తనే వచ్చింది. భుజంమీద బుడ్డోడు నిద్రపోతున్నాడు. తలుపు దగ్గరే నిలబడింది.

"నా మీద ఏం రాశారమ్మా?"

"మీ మీద ఏమీ రాయలేదు. కూర్చోండి."

"దొరికితే దొంగంటారు. నేను దొరక్కుండానే అయిపోయానమ్మా" అని నవ్వింది ఆయమ్మ, కూర్చుంటూ. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. "కొట్టానంట. వీణ్ణి. నిన్న రాత్రి ఫోను స్పీకర్లో ఆయన వీళ్ళమ్మతో అంటుంటే విన్నాను. ఆ అమ్మాయి మాత్రం పాపం, 'ఆయమ్మ అలా చెయ్యదు' అనే అంది. కానీ మరెవరు అంటే చెప్పలేకపోయింది."

మాట్లాడుతూనే జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, భుజంమీద పిల్లాడి మూతి వెంట కారిన సొంగ తుడిచింది. ముక్కు తుడిచింది. చెంప కింద గుడ్డ పరిచి తల ఆ పక్క నుంచి ఈ పక్కకి తిప్పి పడుకోబెట్టింది. బుడ్డోడు ఒక్కసారి పెదాలు చప్పరించి మళ్ళీ నిద్రలో పడ్డాడు.

ప్రశ్నలమ్మ అదంతా చూసింది. చేతిలో కాగితం ఉండి ఉంటే చూసేది కాదు. సొరుగులోంచి కొత్త కాగితం తీసి, "మీరు జవాబులు చెప్పండి" అంది.

"నేనా? నేను కన్నతల్లిని కాదుగా."

"కన్నవాళ్ళని అడగమని ఇందులో లేదు. చూసుకునేవాళ్ళని అడగమనే ఉంది."

ఆయమ్మ జవాబులు చెప్పే తీరు వేరు. 'తరచుగా' అనకుండా, "ఎండగా ఉంటే ఒకలా, ముసురు పడితే ఒకలా" అని మొదలెట్టి పిల్లాడి కథంతా చెప్పేది. ప్రశ్నలమ్మ ఓపిగ్గా విని గడి వెతుక్కుంది. ముప్పై ఒకటో ప్రశ్న వచ్చింది.

"నిద్రలో తాకితే ఉలిక్కిపడి లేస్తాడా?"

"ఇప్పుడు చూశారుగా."

"అసలు లేదు అని రాయనా?"

ఆయమ్మ పిల్లాడి చెంప కింద నుంచి తీసిన గుడ్డ నాలుగు మడతలు పెట్టింది. మళ్ళీ విప్పింది.

"నేను తాకితే లేవడు" అంది.

"మరి ఎవరు తాకితే లేస్తాడు?"

"నాకు తెలీదమ్మా."

అబద్ధం ఆడటం ఆమెకి చేతకాదు. అది చెవుల్లో తెలిసిపోయింది, ఎర్రబడ్డాయి. ప్రశ్నలమ్మ కలం కింద పెట్టింది.

"శనివారం మీ ఉద్యోగం పోతుంది. తెలిసీ ఎందుకు దాస్తున్నారు?"

"పోతే ఇంకో ఇల్లు చూసుకుంటాను. పిల్లలు లేని ఊరుందా?" అని ఆయమ్మ లేచింది. పిల్లాడి వీపు మీద చెయ్యి ఆనించింది. "నాకు ఇంకో ఇల్లుంది. ఆ అమ్మాయికి ఇంకో పిల్లాడు లేడు. వీడికి నేను లేకపోతే ఎలా అన్నదే నా బాధ. నాలుగు రోజులు బెంగపెట్టుకుంటాడు." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "పాత కాగితాలు మీరు పారెయ్యరంట కదా. ఆ ఇంటిది ఇంకోటి ఉంటుంది. వెతకండి. నేను చెప్పాననుకోకండి."

రికార్డు గది కింద అంతస్తులో ఉంది. కిటికీ లేదు, ఒక్క ట్యూబులైటు. మూసేసిన ఫైళ్ళు అట్టపెట్టెల్లో, సంవత్సరాల వారీగా ఉంటాయి. ఇంటి చిరునామా పట్టుకుని వెతికితే గంటలో దొరికింది. మూడేళ్ళ కిందటిది. అయిదు నెలల ఆడపిల్ల. రెండు పేజీల చిన్న కాగితం, అప్పట్లో చంటిపిల్లలకి పాతిక ప్రశ్నలే. అట్టమీద ఎర్ర సిరాతో 'మూసివేత' అని, తేదీ. కాగితం నింపిన తేదీకి సరిగ్గా ఇరవై రెండు రోజుల తర్వాతి తేదీ. కారణం దగ్గర ఒక్క మాట ఉంది. నిద్రలో.

కాగితంమీది టిక్కులు తన టిక్కులే. తోక పైకి లాగినట్టుండే టిక్కు ఆ ఆసుపత్రిలో ఇంకెవరూ పెట్టరు. చప్పుళ్ళకి బెదురుతుందా, అసలు లేదు. గంటలకొద్దీ నిద్రపోతుందా, ఎప్పుడూ. పాలు తాగుతూ మధ్యలోనే అలిసిపోయి నిద్రపోతుందా, ఎప్పుడూ. కింద కూడిక. కూడిక కింద తన చేతిరాతే: 'ప్రశాంతమైన బిడ్డ. నిద్ర చాలా బాగుంది. ఏ ఇబ్బందీ లేదు.'

ప్రశ్నలమ్మ పాల ప్రశ్న మళ్ళీ చదివింది. పాలు తాగడానికే అలిసిపోయే బిడ్డ. తల్లి చెప్పింది. తను విన్నది. టిక్కు పెట్టి, అంకె వేసి, కూడింది. అది అంకె కాదు, మాట అని మూడేళ్ళ తర్వాత ఈ కిటికీ లేని గదిలో తెలిసింది. దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగినట్టు. ఆవిడ అట్టపెట్టె మీదే కూర్చుండిపోయింది. ఆ బిడ్డ ముఖం గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంది. రాలేదు. చూస్తే కదా, రావడానికి. బదులుగా ఒక గొంతు వచ్చింది, చిన్న వయసు గొంతు, కాస్త గర్వంగా, "పాలు తాగుతూనే నిద్రపోతుంది మేడమ్, అంత బుద్ధిమంతురాలు" అంటోంది.

గురువారమంతా ఆ గొంతు వదల్లేదు. ఎవరో తాతయ్య "మా మనవడు అసలు ఏడవడండీ" అంటుంటే ప్రశ్నలమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. తాతయ్య కంగారుపడి, "అంటే, ఏడుస్తాడనుకోండి" అన్నాడు. పిల్లాడు గోడకానుకుని బిస్కట్టు నాకుతున్నాడు, బాగానే ఉన్నాడు. ఆవిడ కాగితంలో ఏ ప్రశ్న దగ్గరున్నదీ మరిచిపోయి, మొదటినుంచీ మళ్ళీ చదవాల్సొచ్చింది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ ఇంటికి వెళ్ళింది. కొన్ని ప్రశ్నలు మిగిలాయని తల్లికి ఫోను చేసి చెప్పింది. ఫ్యాక్టరీ దగ్గరే కాబట్టి ఆమె రోజూ భోజనం వేళకి ఇంటికొస్తుందట. సరిగ్గా పిల్లాడు పడుకునే వేళ.

రెండో అంతస్తు, రెండు గదులు. ఆయమ్మ తలుపు తీసి, గుర్తుపట్టనట్టు తల దించుకుని వంటగదిలోకి పోయింది. ఆమె బట్టల సంచి అప్పుడే సర్ది తలుపు వెనక పెట్టి ఉంది. లోపలి గదిలో నేలమీద పరుపు, పరుపు మీద బుడ్డోడు వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. అరచేతులు రెండూ తెరుచుకుని ఉన్నాయి. కిటికీ గట్టుమీద గుండ్రటి చిన్న అద్దం ఉంది. బొట్టు పెట్టుకోవడానికో, తల దువ్వుకోవడానికో అయితే అంత కిందన, దిండుకి చెయ్యి అందేంత దగ్గర ఎందుకుంటుంది? ముక్కు దగ్గర పెడితే ఊపిరికి మసకబారడానికని ప్రశ్నలమ్మకి అర్థమై, చూపు తిప్పుకుంది.

తల్లి పరుపు అంచున కూర్చుంది. ప్రశ్నలమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని కాగితం ఒళ్ళో పెట్టుకుంది. మొదటి ప్రశ్న చదివి, తలెత్తింది.

పన్నెండేళ్ళ అలవాటు. మెడ ఎవరో పట్టుకుని కిందికి వంచుతున్నట్టే ఉంది. అయినా ఎత్తింది. తల్లి ముఖం సన్నగా, కళ్ళ కింద నల్లగా, నిద్ర మరిచిపోయి చాలాకాలమైన ముఖం. ఆమె జవాబులు చెబుతోంది. చెబుతుండగా ఆమె కుడిచెయ్యి తన పని తను చేసుకుపోతోంది. ముందు దుప్పటి అంచు కుట్టు పట్టుకుంది. రెండు వేళ్ళు కుట్టు వెంట మెల్లగా, ఎక్కడా ఆగకుండా పైకి పోతున్నాయి. రెండో ప్రశ్నకి పిల్లాడి మోకాలి దగ్గరున్నాయి. నాలుగో ప్రశ్నకి దుప్పటి అయిపోయి దిండు కుట్టు అందుకున్నాయి. ఆరో ప్రశ్నకి ఆమె, "లేదు మేడమ్, చప్పుళ్ళకేం భయపడడు" అంటుండగా, ఆ రెండు వేళ్ళు పిల్లాడి పై పెదవి మీద, ముక్కు కింద ఆనాయి.

బుడ్డోడు తల ఝాడించి కెవ్వుమన్నాడు. నిద్ర కళ్ళతోనే రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయమ్మ ఎప్పుడొచ్చిందో, వాణ్ణి ఎత్తుకుని గోడవైపు తిరిగింది.

"చూశారా మేడమ్? నేను చెప్పలేదూ? ఏం లేకుండానే" అంది తల్లి.

ఆ కళ్ళలో అబద్ధం లేదు. ఆమెకి నిజంగానే తెలియదు. ప్రశ్నలమ్మ పీట ముందుకి జరుపుకుంది.

"అమ్మా, మీ కుడిచెయ్యి ఎక్కడుందో చూసుకోండి."

ఆమె చూసుకుంది. పిల్లాడు లేని దిండు మీద, జానెడు ఎత్తున, రెండు వేళ్ళు గాలిలో అలాగే ఆగి ఉన్నాయి. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసింది. దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుని, ఎడంచేత్తో పట్టుకుంది.

కింద వీధిలో ఎవరో స్కూటరు తన్ని తన్ని స్టార్టు చేస్తున్నారు.

"ఎన్నిసార్లు?" అంది తల్లి, ఆయమ్మ వైపు చూడకుండా.

"నేనేం లెక్కపెట్టలేదమ్మా."

"ఎన్నిసార్లు ఆయమ్మా?"

ఆయమ్మ బుడ్డోడి వీపు నిమురుతూ, "ఎప్పుడూనమ్మా. వాడు కన్నుమూసినప్పుడల్లా" అంది.

"మరి నోరు మూసుకుని ఎందుకున్నావు? ఆయన నిన్ను పొమ్మంటుంటే?"

"ఏమని చెప్పనమ్మా? నీ చెయ్యే అని చెప్పనా? ఆ మాట చెప్పి నేను ఈ గడప ఎలా దాటను?"

తల్లి ఏడవలేదు. ఏడుస్తుందని ప్రశ్నలమ్మ భయపడింది. ఆమె నేరుగా ప్రశ్నలమ్మ ముఖంలోకి చూసింది.

"మేం మీకు గుర్తులేం కదూ."

"బుధవారం పాత కాగితం చూశాను."

"నాకు సోమవారమే తెలిసింది. మీ ముఖం చూసి కాదు. మూడేళ్ళ కిందట కూడా మీరు తలెత్తలేదుగా. పాపిడి చూసి గుర్తుపట్టాను. అప్పుడు మొత్తం నల్లగా ఉండేది."

"ఆరోజు నేనేమైనా అన్నానా?"

"అన్నారు. 'ఇలా నిద్రపోయే బిడ్డ దొరకడం అదృష్టం. పాప పడుకున్నప్పుడు మీరూ హాయిగా పడుకోండి' అన్నారు." ఆమె ఎడంచేతిలోని కుడిచెయ్యి వైపు చూసుకుంది. "పడుకున్నాను."

ప్రశ్నలమ్మ ఒళ్ళోంచి కాగితం జారి నేలమీద పడింది. తీయలేదు.

"పాలు తాగుతూ అలిసిపోతుందని మీరు చెప్పారమ్మా. నేను టిక్కు పెట్టాను. తలెత్తి, ఎలా అలిసిపోతుంది, చెమట పడుతుందా, పెదాలు ఏ రంగులో ఉంటాయి, ఒక్క మాట అడగలేదు. అడగాల్సింది."

"గుండెలో పుట్టుకతోనే ఏదో ఉందన్నారు తర్వాత. మీరడిగినా నేను సరిగ్గా చెప్పేదాన్ని కాదు మేడమ్. అది అలుపని నాకూ తెలీదు. బుద్ధిమంతురాలు అనుకున్నాను." ఆమె దుప్పటి సర్దింది. "వీడికి గుండె బాగుంది. మూడుసార్లు చూపించాం. అందరూ బాగుందనే అన్నారు. ఆ సంగతి నాకు తెలుసు. నా చేతికే తెలీదు."

తర్వాత ఆమె వంగి నేలమీది కాగితం తీసింది. కలం అడిగి తీసుకుంది. ముప్పై ఒకటో ప్రశ్న పక్కన ఖాళీ లేదు, అలాంటి జవాబులకి ఆ కాగితంలో చోటే లేదు. అందుకని కింద కూడిక వేసే గడిలోనే, అంకెలు ఉండాల్సిన చోట, గుండ్రటి అక్షరాలతో రాసింది: 'నిద్రలో తాకి లేపేది నేను. ఆయమ్మ కాదు.' కింద సంతకం పెట్టింది.

"ఇది డాక్టరుగారికి చూపించండి. మా ఆయనకి నేను చెప్పుకుంటాను. ఆయమ్మా, ఆ సంచి తలుపు వెనక నుంచి తియ్యి. కాలికి అడ్డం తగులుతోంది."

ఆయమ్మ ముక్కు ఎగబీల్చింది. బుడ్డోడు ఆమె భుజం మీద మళ్ళీ నిద్రలో పడ్డాడు. వాణ్ణి తెచ్చి పరుపు మీద పడుకోబెట్టింది. తల్లి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది.

"నా వల్ల కాదు" అంది.

"ముట్టుకోకుండా కూడా ఊపిరి తెలుస్తుందమ్మా" అంది ఆయమ్మ పక్కన కూర్చుంటూ. "చొక్కాకి మూడో గుండీ చూడు. నేను రోజూ అదే చూస్తాను. నేను మాత్రం మనిషిని కానా, నాకు మాత్రం భయం ఉండదా?"

ముగ్గురూ మూడో గుండీ చూశారు. నీలం రంగు గుండీ, నాలుగు కన్నాలది. లేచింది, దిగింది. లేచింది, దిగింది. స్కూటరు ఎప్పుడో వెళ్ళిపోయింది. గదిలో గాలి కూడా కదలడం లేదు. తల్లి పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది, ఇరవై దాటింది, నలభై దాటింది. కాసేపటికి లెక్కపెట్టడం మానేసింది. ఫ్యాక్టరీకి టైమవుతోందని ఎవరూ అనలేదు.

బుడ్డోడు నిద్రలో ఒక పెద్ద ఊపిరి వదిలాడు. గుండీ దిగింది. పిల్లలు అప్పుడప్పుడు అలా వదిలి కాస్త ఆగి తీసుకుంటారు. అది ప్రశ్నలమ్మకి పుస్తకాల్లో చదివి తెలుసు, పన్నెండేళ్ళ ఉద్యోగంలో తెలుసు. కానీ గుండీ అక్కడే ఉంది. ఎర్ర సిరా, ఇరవై రెండు రోజులు, ఒక్క మాట. నిద్రలో. కిటికీ లేని గదిలో రాని ముఖం ఇప్పుడు ఈ దిండుమీద వచ్చి పడుకుంది. పెదాలు తెరుచుకుని, ఎవరో ఒకరు చూడాలని ఎదురుచూస్తున్నట్టు.

చల్లటి వేళ్ళు ఆవిడ మణికట్టుని పట్టుకున్నాయి.

ప్రశ్నలమ్మ కిందికి చూసుకుంది. తన చెయ్యి పరుపు మీదుగా పోయి, పిల్లాడి ముఖానికి బెత్తెడు దూరంలో ఉంది. రెండు వేళ్ళు చాచి ఉన్నాయి. ఎప్పుడు చాచిందో తెలియదు. తల్లి తన చేతుల మీద నుంచి లేచి, ఆ చేతిని గాలిలోనే ఆపి పట్టుకుంది.

నీలం గుండీ మెల్లగా లేచింది.

"వద్దు మేడమ్" అంది తల్లి, గొంతు బాగా తగ్గించి. "నిద్రపోతున్నాడు. లేపకండి."